ఏరుకున్న పేరు

ఆ ఆదివారం నేనొక పసిబిడ్డకు తప్పు పేరు పెట్టించాను. పొరపాటు అనేసి ఊరుకోవచ్చు. కానీ పొరపాటు జరిగింది ఒక్క క్షణం. ఆ తర్వాత నేను చేసినదానికి ఆ మాట సరిపోదు.

అప్పట్లో సూరత్‌లో ఉండేవాణ్ణి. ప్లేగు భయంతో ఊరు సగం ఖాళీ అయి, మళ్లీ నిండిన తర్వాతి రోజులవి. ఉద్యోగం హజీరాలో ఒక కర్మాగారంలో. ఆదివారాలు మాత్రం సలాబత్‌పురాలో ఒక నూలు దుకాణం మీది గదికి వెళ్లేవాణ్ణి. అక్కడ తెలుగువాళ్ల ప్రార్థన జరిగేది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతికే కుటుంబాలవాళ్లు, చాలామంది హిందువులే. ఎవరికో జ్వరం తగ్గిందనో, కాన్పు తేలిగ్గా అయిందనో, పక్కింటామె రమ్మందనో వచ్చేవాళ్లు. వాళ్ల ఇంట్లో పటాలు వాళ్ల ఇంట్లోనే ఉండేవి. దాని గురించి ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్లు కాదు.

ప్రార్థన నడిపే పాస్టరు అయ్యగారిది గోదావరి వైపు. ఆయన చదివే బైబిలు వాక్యం వాళ్లకు సగమే అందేది. సూరత్‌లో పుట్టిన వాళ్ల పిల్లలకు ఆ సగం కూడా అందేది కాదు. నాది గుంటూరు వైపే అయినా వరంగల్లులో చదువుకున్నాను. అందుకని వాక్యం చదివాక దాన్ని వాళ్ల మాటల్లో చెప్పే పని నాకు అప్పగించారు.

ఆ పని నాకెంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బరువు మోసి అలసినవాళ్లను ప్రభువు తన దగ్గరికి పిలిచే మాట ఉంది కదా. ఒకసారి దాన్ని, "మోసి మోసి అలిసినోళ్లంత నా తాన్కి రాండ్రి, జర ఆరాం జేద్దురు" అన్నాను. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒకాయన, "రాత్రి పాళీ వాళ్లక్కూడనా సారూ? ఐతే మేం గీడ్నే పంటం మరి" అన్నాడు. గదంతా నవ్వింది. ఆ వెంటనే కాడి అనే మాట వచ్చింది. అక్కడి పిల్లలు కాడిని ఎన్నడూ చూడలేదు. కార్ఖానాల్లో పడుగు చుట్టిన బీములను మగవాళ్లు భుజాన మోసుకుపోవడం మాత్రం రోజూ చూస్తారు. కాడి బదులు బీము అన్నాను. అయ్యగారు నుదురు చిట్లించారు గానీ తలలన్నీ ఊగాయి. నాకు కావలసింది ఆ తలలు ఊగడమే. వారమంతా ఎప్పుడు ఆదివారం వస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి.

ఆ ప్రార్థనకు వినికిడి లేని ఒక జంట వచ్చేది. అతను మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మగ్గాలు ఆడుతుంటే అక్కడ వినగలిగినవాళ్లు కూడా చేతులతోనే మాట్లాడుకోవాలి కాబట్టి అతనికి అక్కడ లోటు తెలిసేది కాదు. భార్యకు పాతికేళ్లుంటాయి. అతని తల్లికి మాత్రం చెవులు బాగానే పనిచేసేవి, నోరు ఇంకా బాగా పనిచేసేది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి.

మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. ఇంట్లో చేతులతో మాట్లాడుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. సూరత్ వచ్చాక స్టేషను దగ్గర ఒక టీ బండి చుట్టూ ఆదివారం సాయంత్రాలు చేరే వినికిడి లేని కుర్రాళ్ల దగ్గర ఇంకొన్ని సైగలు పట్టుకున్నాను. వాళ్లు నాకొక పేరు కూడా పెట్టారు: చూపుడువేలితో ముక్కు మీద కళ్లజోడు పైకి తోయడం. అక్కడ పేరుకు చప్పుడుతో పని లేదు. మనిషిని తలచుకోగానే కంటి ముందు ఏది ఆడుతుందో అదే పేరు.

అది చూసి నేను బైబిలు పేర్లకు సైగలు కల్పించడం మొదలుపెట్టాను. పేతురుకు పిడికిలి మీద పిడికిలి కొట్టి రాయి. యాకోబుకు మడమ పట్టుకోవడం. జక్కయ్యకు చెట్టెక్కడం. తోమాకు అరచేతిలో వేలు గుచ్చి చూడటం. పాపం, ఒక్కసారి అనుమానపడ్డందుకు ఆయనకు ఎప్పటికీ అదే గుర్తు. టీ బండి దగ్గరి కుర్రాళ్లను అడిగి ఉండొచ్చు. వాళ్లలో గుడికి పోయేవాళ్లున్నారు, చర్చికి పోయేవాళ్లున్నారు, ఆ పేర్లకు వాళ్ల సైగలు వాళ్లకు ఉండే ఉంటాయి. అడగలేదు. నాకు తోచినవే బాగున్నాయనుకున్నాను.

అన్నిట్లోకీ నాకు నచ్చింది రూతు. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరి, అత్తను సాకిన కోడలు ఆమె. కొంచెం వంగి, నేల మీది నుంచి పరిగె ఏరి ఒడిలో వేసుకున్నట్టు చూపేవాణ్ణి. ఆ కథ చెప్పిన రోజు ఆ వినికిడి లేని అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. తను కూడా చేత్తో ఏరి ఒడిలో వేసుకుని, నన్ను చూసి, మళ్లీ ఏరి చూపించింది. నా సైగ ఆమెకు నచ్చిందనుకున్నాను. ఆమె నాకేదో చెబుతోందని అనుకోలేదు.

కొన్నాళ్లకు ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. పేరు మీద ఇంట్లో పేచీ వచ్చిందని విన్నాను. పెద్దమ్మ తన తల్లి పేరు పెట్టాలంది. కోడలు చేతులు కట్టుకుని కూర్చుంది. చివరికి పెద్దమ్మే, "కన్నది అది, పెట్టుకోనీ దానిష్టం" అని వదిలేసిందట. కూటంలోనే పేరు పెడదామని, తల్లి సైగ చేస్తే నేను పైకి చెప్పాలని, అయ్యగారు ప్రార్థన చేస్తారని అనుకున్నారు.

ఆ ఆదివారం గది నిండిపోయింది. భార్యాభర్తలు బిడ్డతో ముందు కూర్చున్నారు, మా వైపు తిరిగి. పెద్దమ్మ ఆడవాళ్లతో వెనక ఉంది. అక్కడికి కోడలి వీపే తప్ప చేతులు కనబడవు. అయ్యగారు, "బిడ్డ పేరేమిటో తల్లి చెప్పాలి" అన్నారు. నేను సైగ చేశాను. ఆ అమ్మాయి బిడ్డను భర్త చేతికిచ్చింది. కుడిచేత్తో ఏరి ఒడిలో వేసుకుంది. మళ్లీ ఏరింది, మళ్లీ ఒడిలో వేసుకుంది.

నా గుండె పొంగింది. "రూతు!" అన్నాను, గట్టిగా.

అయ్యగారి ముఖం విప్పారింది. "మంచి పేరు" అని బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన అందుకున్నారు. వెనక నుంచి పెద్దమ్మ గొంతు: "రుతువా? అదేం పేరు? ఎండకాలమా, వానకాలమా?" ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అందరూ ఆమెన్ అన్నారు.

అప్పుడు ఆ అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టి లాగింది. అయ్యగారు చెప్పాడా అని అడిగింది. ఏం చెప్పాడా అన్నట్టు చూశాను. మళ్లీ ఏరి చూపించింది. ఈసారి సరిగ్గా చూశాను. ఆమె వంగలేదు. ఆమె చెయ్యి నేల వైపు పోలేదు. నడుమెత్తున, వేళ్లు పైకి పెట్టి, దేన్నో గుంజి తెంపుతోంది. పరిగె కాదు. పత్తి. తర్వాత చెంప మీద చెయ్యి పెట్టి అమ్మ అంది. ఆ చేతినే పైకెత్తి, పోయింది అంది.

పత్తి ఏరే తన తల్లి. తల్లికి ఆ అమ్మాయి పెట్టుకున్న సైగ పేరది. మనవాళ్లు పోయినవాళ్ల పేరు బిడ్డకు పెట్టుకున్నట్టే ఆమె కూడా పెట్టుకోబోయింది. పరిగె ఏరినా పత్తి ఏరినా నా తెలుగులో ఒకటే మాట. ఆ మాట తలలో పెట్టుకుని చూశాను కాబట్టి రెండు చేతలూ నాకు ఒకటే అయ్యాయి.

అయ్యగారు పాట మొదలుపెట్టారు. చప్పట్లు అందుకున్నాయి. చెయ్యెత్తి ఆపొచ్చు. ఆపితే, నాకు అర్థం కాలేదని ఇంతమందిలో చెప్పాలి.

ఆమె మళ్లీ అడిగింది: చెప్పాడా? మా అమ్మ పేరు?

అవును, చెప్పాడు, అని సైగ చేశాను.

ఆమె బిడ్డను తీసుకుని, ఆ చిన్న తలకు చెంప ఆనించి, కళ్లు మూసుకుంది. నేను పాట పాడాను.

మర్నాడు హజీరా బస్సులో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్లో పెట్టుకుంటే ఏదో ఏరుతున్నట్టుండేది. జేబులో పెట్టుకున్నాను, తీశాను, ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. పక్కనాయన, "కుర్చీలో ముళ్లున్నాయా భాయ్?" అని హిందీలో అడిగాడు. ఆఫీసులో ఒకే కాగితాన్ని పదేపదే చదివాను. పేరుదేముంది, రూతు కూడా మంచి పేరే అనుకున్నాను. ఆమె ఎలాగూ వినలేదు కదా అని కూడా అనుకున్నాను. ఆ రెండో మాట అనుకున్నాక నా మీద నాకే భయం వేసింది. చిన్నప్పుడు మా తమ్ముణ్ణి దుకాణానికి తీసుకుపోతే వాడు చెయ్యి ఎత్తేలోపే వాడికి కావలసింది నేనే అడిగేసేవాణ్ణి. తెచ్చింది వాడు తినేవాడు. వాడు కోరింది అదేనా అని ఎప్పుడూ అడగలేదు.

రేపు వెళ్దాం అనుకుంటూ రోజులు జరిపాను. వాన అనుకున్నాను, తలనొప్పి అనుకున్నాను. వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. నడుస్తుంటే కాళ్లు వాళ్ల గల్లీ వైపు తిరిగేవి, నేను వెనక్కి తిప్పేవాణ్ణి. చివరికి ఒక సాయంత్రం ఆఫీసు బస్సు దిగి, ఇంటికి పోకుండా, చేతిలో టిఫిను సంచితోనే వాళ్లింటికి వెళ్లాను.

వరసగా కట్టిన గదుల్లో వాళ్లదొకటి. పెద్దమ్మ గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"మంచిగ వచ్చినవ్ సారూ. గీ పిల్లకేమైందో జర అడుగు. నాతోని మాటే లేదు. చాయ్ జేస్తది, మొగనికిస్తది, తను తాగుతది, నాకియ్యది. నేను బిడ్డను పిలుస్తుంటే నా మూతి దిక్కే చూసి బిడ్డను గుంజుకుంటది. నేనేం జేసిన?"

లోపల ఆ అమ్మాయి ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చుంది. భర్త పాళీకి పోయాడు. ఏమైందని అడిగాను. ఆమె చేతులు వేగంగా కదిలాయి. తన తల్లి పేరు చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల పెదవులు రెండుసార్లు కలుస్తాయట. చిన్నప్పుడు తండ్రి ఆమెను పిలుస్తుంటే చూసి నేర్చుకుందట. నోటి పేరు గురించి ఆమెకు తెలిసింది అంతే. ఇప్పుడు అత్త బిడ్డను పిలిస్తే పెదవులు ఒక్కసారి కూడా కలవడం లేదు, ఊరికే సున్నాలా ముందుకొస్తున్నాయి. గల్లీలో అందరి పెదవులూ అంతే. నువ్వు చెప్పావు, అయ్యగారు ప్రార్థన చేశాడు. ఇంటికొచ్చాక అత్త మార్చేసింది. ఓడిపోయానని ఒప్పుకున్నట్టు నటించి, నా అమ్మను తీసేసింది.

"ఏమంటది?" అంది పెద్దమ్మ.

ఆ గదిలో ఇద్దరి మాటా మళ్లీ నా చేతిలో ఉంది. ఎవరికి ఏది అందాలో నేనే తేల్చగలను. అత్త మారుస్తుందిలే, నేను చెబుతాను, అని ఆమెకు సైగ చేసి, పెద్దమ్మను బయటికి తీసుకెళ్లి పేరు మార్చమని బతిమాలితే గుట్టుగా అంతా సర్దుకునేది. అలా చెయ్యడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆ అమ్మాయి నన్ను నమ్మి నా వైపు చూస్తోంది. గడపలో నిలబడిన మనిషి చెయ్యని తప్పుకు చాయ్ లేకుండా ఉంది.

నోటితో, చేత్తో ఒకేసారి చెబితే రెండూ పాడవుతాయి. ముందు చేత్తో చెప్పాను. అత్త కాదు. నేను. ఆ రోజు తప్పుగా చూశాను. పరిగె అనుకున్నాను. తర్వాత నువ్వు అడిగినప్పుడు తప్పని తెలుసు. తెలిసే అవునన్నాను.

ఆమె ఉయ్యాల తాడు వదిలేసింది. అవునన్నావు, అని సైగ చేసింది. కాసేపటికి మళ్లీ అదే: అవునన్నావు. నేను తల దించుకుంటే ఆమె చేతులు కనబడవు, కాబట్టి తల ఎత్తే ఉంచాల్సి వచ్చింది.

తర్వాత పెద్దమ్మకు నోటితో చెప్పాను. ఆమె పూర్తిగా వింది. విని అందుకుంది.

"ఏంది సారూ! నువ్వు జేసినదానికి నేను ఉపాసముంటున్ననా? సమజ్ కాకుంటే కాలేదనాలె. మేమేమన్న కొడ్తుంటిమా? పెద్ద సదువు సదివినవ్, మల్లోపారి అడుగనీకి నోరు రాలేదా?"

"రాలేదు పెద్దమ్మా."

"రూతు అనంగనే నేనే పరేషాన్ అయిన. దాని తల్లి పేరే పెట్టుకుంటదని నాకెర్కే. పోనీ, నా తల్లి పేరు గాదు దాని తల్లి పేరు గాదు, కొట్లాట తప్పింది అనుకున్న. వియ్యపురాలు నాకు తెల్వని మనిషా? ఇద్దరం ఒక్క చేన్లనే పత్తికి పోయేటోళ్లం." ఆమె కోడలి ముందుకు పోయి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పోయినామె పేరు పలికింది. వాళ్ల ఊరి దేవత పేరు అది. ఇక్కడ రాయను, అది వాళ్ల ఇంట్లోవాళ్లదే. పెదవులు రెండుసార్లు కలిశాయి. ఆ అమ్మాయి వేలితో అత్త పెదవులు తాకి, మళ్లీ చెప్పమంది. పెద్దమ్మ మళ్లీ చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేం జూస్తున్నవ్? అయ్యగారికి ఎవరు జెప్తరు, నేనా?" అంది.

అయ్యగారికి శనివారం చెప్పాను.

"ప్రార్థన చేసిన పేరు మార్చడమేమిటి తమ్ముడూ? పైగా గ్రామదేవత పేరంటున్నావు."

"అది వాళ్లమ్మ పేరు అయ్యగారూ."

"నాకు తెలియదా? రేపు అందరూ అడిగితే నేనేం చెప్పను?"

"మీరేం చెప్పొద్దు. నేను చెబుతాను. చెప్పాల్సింది నేనే."

ఆయనకు కోపం తగ్గలేదు. కానీ సరే అన్నారు.

ఆదివారం వాక్యానికి ముందే లేచి నిలబడ్డాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పుగా చూడటం వరకూ చెప్పడం తేలికే. తెలిసి అవునన్నానన్న మాటను రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పుడు వెనక గోడ దగ్గరి ఆయన, "ఐతే సారూ, ఆరాం ఇస్తడన్నది నిజమేనా? అది గూడ నీ కల్పనేనా?" అన్నాడు. ఎవరో ఒకరిద్దరు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. అది నిజమేనన్నాను. నేను కల్పించిన సైగలు ఇకమీద వాడనని, టీ బండి దగ్గరివాళ్లను అడిగి వాళ్లవే తెస్తానని చెప్పి వెనక్కి వెళ్లి కూర్చున్నాను.

ఈసారి పెద్దమ్మ ముందుకొచ్చి కోడలికి ఎదురుగా కూర్చుంది. కోడలు పత్తి ఏరింది. అత్త పేరు చెప్పింది. అయ్యగారు ఆ పేరు దగ్గర కొంచెం తడబడ్డారు, కానీ పూర్తిగా పలికారు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటున్నాను. ఆ అమ్మాయి నా వైపు చూడకుండా భర్తతో మెట్లు దిగిపోయింది. పెద్దమ్మ ఆగింది.

"యాడికి పోతున్నవ్? ఐపోయిందనుకుంటున్నవా? మా గల్లీ అంత రూతు రూతు అని అంటుకుంది. గుజరాతోళ్లకైతే వాళ్ల పిల్లల పేరు లెక్కనే ఉందంట, మస్తు ముద్దు జేస్తున్నరు. నువ్వంటించినవ్, నువ్వే తుడువు."

ఆమె వెనకాలే వెళ్లాను. మొదటి గది వరంగల్లు వాళ్లది. అక్కడ తెలుగులో చెప్పాను. పెద్దమ్మ పక్కన నిలబడి, "గట్టిగ జెప్పు, నువ్వే తప్పు జెప్పినవని గూడ జెప్పు" అంది. చెప్పాను. తర్వాతి గదిలో హిందీలో చెప్పాను. ఆ పక్క గదిలో ఒక గుజరాతీ ఆవిడ పిండి కలుపుతూ, ఋతు ఎంత బాగుంది, మార్చడమెందుకు అని అడిగింది. నా వచ్చీ రాని గుజరాతీలో, ఆ పేరు బిడ్డ తల్లిది కాదు, నాది, అన్నాను. ఆవిడకు ఏమర్థమైందో, చేతులు కడుక్కుని వచ్చి కొత్త పేరు పలికి చూసింది. తప్పు పలికింది. పెద్దమ్మ సరిదిద్దింది. ఆవిడ మళ్లీ పలికింది.

ఆ వరస అయ్యాక ఎదుటి వరస ఉంది. కొన్ని గదుల్లో పగటి పాళీ వాళ్లు పనికి పోయి తాళాలున్నాయి. వాళ్లకోసం మర్నాడు రావాలని పెద్దమ్మ చెప్పింది. వస్తానన్నాను. మర్నాడు ఆఫీసు బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్లి, మిగిలిన తలుపులు కొట్టాను.